ఫ్యాటీ లివర్ అని రిపోర్టు వచ్చింది: అది క్యాన్సర్ దాకా పోకుండా ఏం చేయాలి?

ఈ రోజుల్లో ఏ హెల్త్ చెకప్ ప్యాకేజీ చేయించుకున్నా పొట్ట స్కానింగ్ రిపోర్టులో చివరి మాట దాదాపు ఒకటే: గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్, లేకపోతే గ్రేడ్ 2. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు పేరుకుని ఉంది. అందరికీ ఉండేదేగా అని రిపోర్టు బీరువాలో పడేసేవాళ్లు కొందరు. నెట్‌లో లివర్ క్యాన్సర్ గురించి చదివి టెన్షన్‌తో నిద్ర పోగొట్టుకునేవాళ్లు కొందరు. రెండూ అనవసరమే. లివర్‌లో కొవ్వు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ రాదు. ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువో చాలావరకు ముందే పట్టుకోవచ్చు కూడా. కాకపోతే దానికి చూడాల్సింది కొవ్వు గ్రేడ్ కాదు, లివర్‌లో మచ్చ ఎంత పడిందన్నది. స్కానింగ్‌లో రాసే గ్రేడ్ లివర్ తెరమీద ఎంత తెల్లగా కనిపించిందో చెబుతుంది, అంతే. గ్రేడ్ 1 వాళ్లకి మచ్చ ముదిరి ఉండొచ్చు, గ్రేడ్ 3 వాళ్లకి అసలు లేకపోవచ్చు.

ముందు ఈ జబ్బు నడిచే దారి తెలుసుకోండి

పొట్ట చుట్టూ కొవ్వు పెరిగి ఇన్సులిన్ మాట శరీరం వినడం మానేసినప్పుడు, ఆ కొవ్వులోంచి ఫ్యాటీ ఆసిడ్లు విడుదలై రక్తం ద్వారా లివర్‌కి చేరతాయి. ఇంకోపక్క మనం తిన్న అన్నం, చక్కెర, కూల్‌డ్రింకుల్లో మిగులును లివర్ తనే కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. నూనె తగ్గించాను, నెయ్యి ముట్టడం లేదు, అయినా ఎందుకు తగ్గలేదు అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. లివర్‌లో చేరే కొవ్వు తిన్న నూనె, నెయ్యి నుంచే కాదు, పిండి పదార్థాల నుంచి కూడా వస్తుంది, అదీ సంగతి.

కొందరిలో ఈ కొవ్వు ఊరికే ఉండిపోతుంది. ఇంకొందరిలో కణాలను దెబ్బతీసి లోపల వాపు తెస్తుంది. కణాలు చస్తుంటాయి, వాటి స్థానంలో కొత్తవి పుడుతుంటాయి. ఇలా ఏళ్లతరబడి జరిగితే దెబ్బతిన్నచోట, కాలిన చర్మం మాని గట్టిపడ్డట్టు, కొల్లాజెన్ పీచు పేరుకుంటుంది. ఇదే ఫైబ్రోసిస్, అంటే పైన చెప్పిన మచ్చ. దీన్ని ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా లెక్కిస్తారు. ఎఫ్4 అంటే సిరోసిస్, లివర్ అంతా మచ్చపడి గట్టిపడిన దశ.

క్యాన్సర్ ఇక్కడే మొదలవుతుంది. కొత్త కణం పుట్టిన ప్రతిసారీ డీఎన్‌ఏకి నకలు తయారవ్వాలి. వాపు ఉన్న లివర్‌లో ఆ డీఎన్‌ఏకి పదేపదే దెబ్బలు తగులుతాయి. నకలులో తప్పులు కూడుకుంటూ పోయి ఎప్పుడో ఒక కణం అదుపు తప్పుతుంది. అలా వచ్చే గడ్డనే డాక్టర్లు హెచ్‌సీసీ అంటారు, పూర్తి పేరు హెపటోసెల్యులార్ కార్సినోమా. ఫ్యాటీ లివర్ వల్ల సిరోసిస్ వచ్చినవాళ్లలో ఏడాదికి దాదాపు నూటికి ఒకరిద్దరికి ఇది వస్తుంది. వినడానికి చిన్న అంకెలా ఉన్నా పదేళ్లు కలిపి చూస్తే చిన్నదేమీ కాదు. షుగర్ ఉంటే ఇంకా పెరుగుతుంది. ఒక చిక్కు కూడా ఉంది: ఫ్యాటీ లివర్‌తో వచ్చే క్యాన్సర్లలో కొన్ని సిరోసిస్ రాకుండానే వస్తాయి. అందుకే సిరోసిస్ వచ్చాక చూద్దాంలే అనుకోవడానికి లేదు.

పైగా లివర్ లోపలి భాగానికి నొప్పి తెలీదు. పైపొర సాగితేనే నొప్పి. కాబట్టి నొప్పి లేదు కదా అన్న ధీమా పనికిరాదు.

నాలుగు అంకెలతో ఇంట్లోనే వేసుకునే లెక్క

పాత రిపోర్టులు తీయండి. మీకు కావలసినవి వయసు, లివర్ ఎంజైములైన ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్య. ఈ నాలుగుతో ఫిబ్-4 అనే స్కోరు వస్తుంది. ఖర్చేమీ లేదు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. దాన్ని పక్కన పెట్టి, ప్లేట్‌లెట్లను వేలల్లో రాయండి. మన ల్యాబుల్లో 1.6 లక్షలు అని ఇస్తారు, అంటే 160. ఎస్‌జీపీటీకి వర్గమూలం తీసి ఈ 160తో గుణించండి. మొదట వచ్చినదాన్ని దీనితో భాగిస్తే స్కోరు వస్తుంది.

ఒక ఉదాహరణ. వయసు 52, ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు. 52ని 48తో గుణిస్తే 2496. 36కి వర్గమూలం 6, దాన్ని 160తో గుణిస్తే 960. భాగిస్తే 2.6. ఈ రిపోర్టు చూసి కొంచెం ఎక్కువుంది అంతే అని ఎవరైనా అనేస్తారు. కానీ 2.6 అంటే తేలిగ్గా వదిలే స్కోరు కాదు. ఇదే మనిషికి ప్లేట్‌లెట్లు 2.6 లక్షలు ఉండి ఉంటే స్కోరు 1.6 వచ్చేది. ప్లేట్‌లెట్లకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, లివర్ గట్టిపడేకొద్దీ దాని గుండా వెళ్లాల్సిన రక్తానికి అడ్డు తగులుతుంది, ఆ ఒత్తిడికి ప్లీహం పెరుగుతుంది, పెరిగిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలో పట్టేసుకుంటుంది. ప్రతి చెకప్‌లోనూ ప్లేట్‌లెట్లు కొంచెం కొంచెం తగ్గుతూ వస్తుంటే, డెంగీ వచ్చినప్పుడు మాత్రమే చూడాల్సిన అంకె అది కాదని గుర్తుంచుకోండి.

స్కోరు 1.3 కన్నా తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం బాగా తక్కువ. 65 దాటినవాళ్లకి ఈ హద్దు 2గా తీసుకుంటారు. 2.67 దాటితే లివర్ డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సిందే. మధ్యలో ఉంటే తర్వాతి పరీక్ష కావాలి. 35 ఏళ్ల లోపు వాళ్లకి ఈ లెక్క సరిగా పనిచేయదు. జ్వరమో కామెర్లో ఉన్నప్పుడు తీసిన రక్తంతో కూడా వేయొద్దు. ఇంకో మాట: ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉన్నంత మాత్రాన లివర్ బాగున్నట్టు కాదు. సిరోసిస్ దాకా వచ్చినా అది నార్మల్‌లోనే ఉన్నవాళ్లు ఉన్నారు.

ఫైబ్రోస్కాన్ చేయించుకునేటప్పుడు

స్కోరు 1.3 (65 దాటినవాళ్లకి 2) దాటితే లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ గురించి డాక్టర్‌ని అడగండి. షుగర్ ఉన్నవాళ్లు, ఊబకాయానికి తోడు బీపీ, కొలెస్ట్రాల్ కూడా ఉన్నవాళ్లు స్కోరు తక్కువే వచ్చినా ఏడాదికో రెండేళ్లకో లెక్క మళ్లీ వేసుకోవాలి.

పరీక్షకి ముందు కనీసం 3 గంటలు ఏమీ తినకూడదు. తిని వెళితే లివర్‌కి రక్తం ఎక్కువై ఉన్నదానికన్నా గట్టిగా ఉన్నట్టు చూపిస్తుంది. కుడిచేయి తలకింద పెట్టుకుని పడుకుంటే పక్కటెముకల మధ్య ప్రోబ్ పెట్టి పదిసార్లు కొలుస్తారు. వేలితో తట్టినట్టు ఉంటుంది, నొప్పి ఉండదు. లావుగా ఉన్నవాళ్లకి పెద్ద ప్రోబ్ వేరే ఉంటుంది, అది వాడారో లేదో అడిగినా తప్పులేదు.

రిపోర్టులో రెండు అంకెలుంటాయి. క్యాప్ అన్నది కొవ్వుది. కిలోపాస్కల్స్‌లో ఇచ్చేది గట్టిదనానిది, మనకు కావలసింది అదే. 8 లోపు ఉంటే ముదిరిన మచ్చ లేదనే లెక్క. 8 నుంచి 12 మధ్య ఉంటే అనుమానం, డాక్టర్ ఇంకా చూస్తారు. 12 దాటితే ముదిరిన మచ్చ ఉన్నట్టే అనుకుని ముందుకెళ్తారు. పక్కనే ఐక్యూఆర్ అని ఒక శాతం ఉంటుంది. అది 30 దాటితే ఆ పది కొలతలూ ఒకదానితో ఒకటి పొసగలేదని అర్థం. అలాంటప్పుడు ఆ రీడింగ్‌ని నమ్మి భయపడొద్దు, ధైర్యపడొద్దు, మళ్లీ చేయించుకోండి.

కొవ్వు ఒక్కటే కారణమా?

షుగర్, పొట్ట ఉన్నాయి కాబట్టి ఫ్యాటీ లివరే అని తేల్చేసేముందు హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించుకోండి. బి వైరస్ సిరోసిస్ లేకుండా కూడా క్యాన్సర్ తేగలదు. దానికి కొవ్వు, షుగర్ తోడైతే ముప్పు ఒకదానిపై ఒకటి పడుతుంది. బి లేదని తేలితే టీకా వేయించుకోండి.

పిల్లల విషయం పూర్తిగా వేరు. పుట్టుకతో వచ్చే మెటబాలిక్ జబ్బులు కొన్ని చిన్న వయసులోనే లివర్‌ని పాడుచేసి క్యాన్సర్‌కి దారితీస్తాయి. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం ఉన్న జన్యువు వస్తేనే వచ్చే జబ్బులివి. మేనరికాలు ఎక్కువగా చేసుకునే మన దగ్గర వీటిని మర్చిపోకూడదు. టైరోసినీమియా మొదటి రకంలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం సరిగా విరగక విషపదార్థాలు పేరుకుంటాయి. పసితనంలో పట్టుకుని నిటిసినోన్ మందు, ప్రత్యేక ఆహారం మొదలుపెడితే క్యాన్సర్ ముప్పు చాలా తగ్గుతుంది. గ్లైకోజెన్ స్టోరేజ్ జబ్బు మొదటి రకంలో లివర్ పెద్దదై, పరగడుపున బిడ్డకి షుగర్ పడిపోతుంది. పచ్చి కార్న్‌ఫ్లోర్ నీళ్లలో కలిపి వేళకు పట్టించడం దానికి చికిత్సలో భాగం. వీళ్లలో చాలామందికి పెద్దయ్యేకొద్దీ లివర్‌లో అడినోమా గడ్డలు వస్తాయి, వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి, కాబట్టి స్కానింగ్ మానకూడదు. విల్సన్స్ జబ్బులో రాగి పేరుకుంటుంది. దీనిలో క్యాన్సర్ అరుదు కానీ లివర్ మాత్రం త్వరగా చెడుతుంది. బిడ్డ పొట్ట ఉబ్బుగా ఉండి, ఎదుగుదల లేక, కామెర్లు మళ్లీ మళ్లీ వస్తుంటే, లేదా ఇంతకుముందు బిడ్డ లివర్ జబ్బుతో పోయి ఉంటే, పిల్లల లివర్ నిపుణుల దగ్గరకు వెళ్లి మేనరికం సంగతి వాళ్లు అడగకపోయినా చెప్పండి.

బరువు: ఎంత తగ్గితే ఏం జరుగుతుంది

ఇందులో అంకెలు స్పష్టంగా ఉన్నాయి. మీ బరువు 80 కిలోలైతే 4 కిలోలు తగ్గినా లివర్‌లో కొవ్వు తగ్గుతుంది. ఐదున్నర తగ్గితే వాపు తగ్గే అవకాశం బాగా పెరుగుతుంది. 8 కిలోలు, అంటే పదో వంతు తగ్గించుకుని నిలబెట్టుకున్నవాళ్లలో చాలామందికి మచ్చ కూడా వెనక్కి వెళ్లింది. మచ్చ పడితే ఇక అంతే అనుకునేవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. వారానికి అరకిలో నుంచి కిలో లోపు చాలు. నెలలో పది కిలోలు తగ్గిస్తామనే ప్యాకేజీల జోలికి వెళ్లొద్దు. మరీ వేగంగా తగ్గితే లివర్‌లో వాపు పెరగొచ్చు, పిత్తాశయంలో రాళ్లు రావొచ్చు.

సన్నగానే ఉన్నాను, నాకెందుకు అంటారా? టేపు తీసి నడుము కొలవండి. మనవాళ్లలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే ఎక్కువే. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన ఒడ్డూపొడుగూ మన దగ్గర మామూలే. వీళ్లకి 3 నుంచి 5 శాతం తగ్గినా ఉపయోగం ఉంటుంది.

కంచం దగ్గర మార్పు ఎక్కడ మొదలుపెట్టాలంటే, వడ్డించుకునే వరసలో. ముందు కూర, పప్పు, గుడ్డో చేపో కంచంలో పెట్టుకుని, మిగిలిన చోటే అన్నం పెట్టుకోండి. మనం చేసేది సరిగ్గా తిరగేసి: అన్నం కొండలా పెట్టి, కూర నంజుడుకి. రాత్రి అన్నం మానేసి ఐదు చపాతీలు లాగించడం డైటింగ్ ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. కొర్రలు, జొన్నలు మంచివే, కానీ వాటినీ గిన్నెడు తింటే లెక్క మారదు. టీ సంగతి చూడండి: రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార అంటే సుమారు 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ 25 గ్రాముల లోపు ఉంటే మేలంటోంది. కూల్‌డ్రింకులు పూర్తిగా మానండి. పండు తినండి, జ్యూస్ తాగొద్దు. పంచదార లేని కాఫీ మాత్రం నిశ్చింతగా తాగొచ్చు. కాఫీ తాగేవాళ్లలో లివర్ మచ్చ, లివర్ క్యాన్సర్ రెండూ తక్కువని చాలా అధ్యయనాల్లో కనిపించింది.

వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడవండి. వారంలో రెండుసార్లు బరువులతోనో, గుంజీలతోనో కండకు పని చెప్పండి. బరువు తగ్గకపోయినా వ్యాయామంతో లివర్ కొవ్వు కొంత తగ్గుతుంది.

మందుల విషయంలో ఏది ఉంచాలి, ఏది మానాలి

లివర్ బాగాలేదు కదా అని కొలెస్ట్రాల్ మాత్రలు మీ అంతట మీరే ఆపేయొద్దు. స్టాటిన్లు ఫ్యాటీ లివర్‌లో వాడదగినవే, పైగా ఈ జబ్బున్నవాళ్లలో ఎక్కువమంది ప్రాణం తీసేది లివర్ కన్నా ముందు గుండెజబ్బు. షుగర్ అదుపులో ఉండాలి, దానికి ఏ మందు వాడాలో ఎంచేటప్పుడు లివర్ సంగతి డాక్టర్‌కి చెబితే ఎంపిక మారొచ్చు. మచ్చ రెండు, మూడు దశల్లో ఉన్నవాళ్లకోసం అమెరికాలో 2024 మార్చిలో రెస్మెటిరోమ్‌కి, 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్‌కి అనుమతి ఇచ్చారు. ఇవి ఎవరికి పడతాయో నిపుణులే చెప్పాలి, బరువు తగ్గడానికని షాపులో కొని పొడుచుకునే ఇంజెక్షన్లు కావు.

లివర్ టానిక్ సీసాలు మచ్చని తగ్గించవు. పసరు మందులు, నెట్‌లో కొన్న డీటాక్స్ పొడులు మానండి. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు 2021లో వైద్య పత్రికలో ప్రచురించారు. ఆకుపసరే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

మద్యం మాటకొస్తే, మచ్చ ఉన్నవాళ్లకి సున్నా. ఆదివారం మాత్రమే, బీరు మాత్రమే అనే బేరాలు ఇక్కడ చెల్లవు.

ఒక చిన్న జాగ్రత్త ఇంట్లో కూడా: బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్న. వాటిమీద పెరిగే ఆస్పర్‌జిల్లస్ బూజు నుంచి అఫ్లాటాక్సిన్ వస్తుంది, అది నేరుగా లివర్ క్యాన్సర్ తెచ్చే విషం. వేయించినా పూర్తిగా పోదు. చేదుగా, నల్లగా, ముడతలు పడి ఉన్న పల్లీలు ఏరి పారేయండి, పచ్చడిలో కలిసిపోతాయిలే అనుకోవద్దు.

సిరోసిస్ అని తేలితే ఆరు నెలలకోసారి

ఇక్కడి నుంచి రూలు మారుతుంది. ప్రతి 6 నెలలకూ అల్ట్రాసౌండ్, దానితో ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష. బాగున్నానని ఒక్కసారి వాయిదా వేస్తే సంవత్సరం గడిచిపోతుంది, చిన్నగా ఉండాల్సిన గడ్డ ఆ లోపల పెరిగిపోతుంది. ఎఫ్3 దశ వాళ్లకి కూడా ఇది అవసరమా అన్నది మీ డాక్టర్ మీ వయసు, షుగర్ చూసి చెబుతారు.

స్కానింగ్ చీటీ మీద సిరోసిస్, క్యాన్సర్ స్క్రీనింగ్ కోసం అని రాయించుకోండి. ఊరికే పొట్ట స్కాన్ అని వెళితే చూసే పద్ధతే వేరుగా ఉంటుంది. లావు వల్ల లివర్ సరిగా కనిపించలేదని రిపోర్టులో ఉంటే, గడ్డ లేదని కాదు, చూడలేకపోయామని అర్థం. అప్పుడు సీటీ, ఎంఆర్‌ఐ గురించి అడగాలి. వీలైనంతవరకు ఒకే చోట చేయించుకుంటే పాత బొమ్మలతో పోల్చి చూస్తారు.

కళ్లు పచ్చబడటం, పొట్టలో నీరు, తారులాంటి నల్లటి విరేచనం, రక్తపు వాంతి, మాట తడబడి పగటిపూట మత్తు: వీటిలో ఏది కనిపించినా ఆరు నెలల తేదీ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

స్కాన్‌లో గడ్డ కనిపిస్తే

సెంటీమీటర్ లోపు ఉంటే సాధారణంగా మూడు నెలల్లో మళ్లీ చూస్తారు. సెంటీమీటర్ దాటినా, ఏఎఫ్‌పీ 20 దాటినా మూడు దశల సీటీ లేదా ఎంఆర్‌ఐ తీస్తారు. సిరోసిస్ ఉన్నవాళ్లలో రంగు మందు ఎక్కించగానే గడ్డ మెరిసి, తర్వాత చుట్టుపక్కల కన్నా మసకబారితే చాలాసార్లు ముక్క పరీక్ష లేకుండానే హెచ్‌సీసీ అని నిర్ధారిస్తారు. కాబట్టి ఎవరైనా తొందరపడి ముక్క తీయడానికి సూది పెడదామంటే, లివర్ నిపుణులకు చూపించేదాకా ఆగండి.

చిన్నగా ఉన్నప్పుడు దొరికితే దారులు చాలా ఉన్నాయి. లివర్ పనితీరు బాగుంటే కోసి తీసేస్తారు. మూడు సెంటీమీటర్ల లోపైతే సూదితో వేడి పెట్టి కాల్చేస్తారు. ఒకే గడ్డ 5 సెంటీమీటర్ల లోపు, లేదా మూడు గడ్డల దాకా ఒక్కోటి 3 సెంటీమీటర్ల లోపు ఉంటే లివర్ మార్పిడికి పరిగణిస్తారు. 1996లో ఇటలీలోని మిలాన్ డాక్టర్లు పెట్టిన ఈ కొలత ఇప్పటికీ వాడుకలో ఉంది. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల నుంచి అవయవం కోసం తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆసుపత్రి ద్వారా ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయిస్తారు. ఇంట్లోవాళ్లు ఇస్తామన్నా వాళ్ల లివర్‌లో కొవ్వు ఎక్కువుంటే తీసుకోరు, ముందు వాళ్లు బరువు తగ్గాల్సి వస్తుంది. పెద్దగా ఉంటే రక్తనాళం ద్వారా మందు పంపే టేస్, ఇంకా ముదిరితే ఇమ్యునోథెరపీ ఉన్నాయి. ఏ చికిత్స ఆరోగ్యశ్రీలో వస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రని అడగండి.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే లాభం లేదు. సీటీ లేదా ఎంఆర్‌ఐ సీడీ, పాత స్కానింగులు, ఏఎఫ్‌పీ రిపోర్టులు తేదీల వారీగా, వాడుతున్న మందుల చీటీ, పసరు తాగి ఉంటే అది కూడా కాగితం మీద రాసుకుని వెళ్లండి.